వాగుని వాగులో ఉండనీ

దోలోన్ కనుమ ఎక్కుతుంటే రేడియేటరు కారిందని
తొక్తోసున్ బండి దిగి
దారి పక్క వాగులోంచి డబ్బాతో తెచ్చి పోశాడు.
వాగు నీళ్ళు. వాటికేం తెలుసు
ఎక్కడ గడ్డకట్టొచ్చో, ఎక్కడ కూడదో.
నారిన్‌లో అక్టోబరు రాత్రి ఒక్కటి చాలింది.
బ్లాకు పక్కనున్న రేకు బిళ్ళ
సీసా మూతలా ఊడిపడింది.
అది చూసుకోకుండా తెల్లారే నలుగురిని ఎక్కించుకుని
ఆవిరి కక్కేదాకా తోలాడు మహానుభావుడు.

నాకన్నా ఆరేళ్ళు పెద్దది ఆ ఆడి కారు.
పదకొండు రోజులుగా మా కంటైనరు షెడ్డులో
నోరు తెరుచుకుని పడుంది.
చదును పట్టించిన హెడ్డు నిన్ననే బిష్కెక్ నుంచి వచ్చింది,
ఎవరిదో పెళ్ళి దుప్పట్లో చుట్టుకుని.

సగిన్ మామకి చూపు పోయి రెండు చలికాలాలు.
బ్లాకు మీద బొటనవేలి గోరు జరుపుతూ వెళ్ళి
ఒకచోట ఆగాడు.
"ఇక్కడ పాత గాస్కెట్టు ఉంది. గీకు."
లేదన్నాను. బల్బు దగ్గరికి లాగి చూశాను.
ఉంది, ఉల్లిపొరంత.

పది బోల్టులు.
నడిమిది ముందు, తర్వాత దాని ఎదుటిది,
అమ్మ కంబళి మీద పొట్టేలు కొమ్ములు కుట్టేటప్పుడు
లోపలి నుంచి అంచుకి వచ్చినట్టు.
నలభై దగ్గర రెంచి టిక్కుమంటుంది.
అన్నీ అయ్యాక మళ్ళీ మొదటి నుంచి, అరవై.
ఆ పైన అంకెలుండవు, ఇంకో అరచుట్టు అంతే.
కాలు బంపరుకి తన్నిపెట్టి, ఒంటి బరువంతా వేసి లాగితే
ఇనుము కొంచెం మెత్తబడుతుంది చేతికింద.
తెగిపోయిందేమోనని గుండె జారింది.
"తెగడం కాదే బూరుల్చా, సాగుతోంది.
సాగింది కనకే పట్టుకుంటుంది."

బెల్టు ఎక్కించి గుర్తుకి గుర్తు కలిపి
చేత్తోనే రెండు చుట్లు తిప్పించాడు,
తను చెవి ఆనించి.
పిస్టను వాల్వుని తాకితే ఇద్దరం కూర్చుని ఏడవాలట.
తాకలేదు.

అప్పుడు దొరికింది తొక్తోసున్‌కి,
నేల మీద గోనెపట్టా మడతలో
ఒక బోల్టు.
"ఇదెక్కడిది?"
షెడ్డులో మాటలు ఆగిపోయాయి.
మామ దాన్ని అరచేతిలో దొర్లించాడు,
మరలు లెక్కపెట్టినట్టు వేలు తిప్పాడు.
"దీనిది కాదు. ఎప్పటిదో, ట్రాక్టరుది."
మామ అబద్ధం చెప్పడు. చెప్తే మాత్రం
ఇలాగే, ఇంత నెమ్మదిగా చెప్తాడు.

ముందు చక్రాల కింద పలకలు పెట్టి ముక్కు పైకెత్తాం.
కాచి చల్లార్చిన నీళ్ళు సగం, గులాబిరంగు మందు సగం,
సన్నటి ధారగా, తొందరపడకుండా.
హీటరు పూర్తిగా వేడివైపు. మూత తీసే ఉంచి స్టార్ట్ చేశాం.
ఆడి దగ్గింది, వణికింది, నిలబడింది.
"చల్లగాలే!" లోపల్నుంచి తొక్తోసున్.
మామ పై గొట్టాన్ని రెండు చేతులా పిండుతున్నాడు,
ఒకప్పుడు గుర్రప్పాలు పితికిన చేతులు.
గ్లుక్కుమని ఒక బుడగ. ఇంకొకటి.
"చల్లగాలే!"
పోశాను. మింగింది. పోశాను.
"మామా, ఇంకా చల్లగాలే!"
"గాలి ముందు పోవాలిరా. గాలి ఉన్నచోటికి వేడి రాదు."

పావుగంటకి
లోపలెక్కడో ఎవరో గడియ తీసినట్టు
కింది గొట్టం ఒక్కసారిగా కాలింది,
నీటిమట్టం దిగజారింది,
పిడికిలంత బుడగ ఒకటి లేచి
గులాబిరంగు తుంపర నా మొహాన కొట్టింది.
తియ్యటి వాసన.
తొక్తోసున్ ఇక అరవలేదు.
వెళ్ళి చూస్తే రెండు అరచేతులూ హీటరు ముందు పెట్టుకుని
తప్పు చేసిన పిల్లాడిలా కూర్చున్నాడు.

డబ్బులిచ్చి వెళ్ళబోతుంటే మామ
మిగిలిన మందు సీసా అతని చేతిలో పెట్టాడు.
"డిక్కీలో ఉంచుకో. వాగుని వాగులో ఉండనీ."

బోల్టు నా కోటు జేబులోనే ఉంది.
మంచు కరిగే కాలం వచ్చింది, ఆ బండి ఇంకా తిరుగుతోంది.
అయినా కనుమ దిగి ఏ ఆడి వచ్చినా
ముందు చెవి అటు పోతుంది,
తర్వాత చెయ్యి జేబులోకి.