పై పదకొండు మెట్లు

నెల్లిమర్ల ప్రార్థనా మందిరంలో
పియానో మూగబోయిందని కబురొస్తే
మల్టీమీటరు, సోల్డరు, సన్న పట్టకారు సంచిలో పడేసుకుని
గంటస్తంభం దగ్గర ఆటో ఎక్కాను.

"పట్నం చర్చివోళ్లు కొత్తది కొనుక్కుని
ఇది మాకిచ్చీసినారు పాపా.
లైట్లెలుగుతాయి. గొంతే నేదు."
యోనా మాస్టారు పూల దుప్పటి తీసి
పెళ్ళికూతుర్ని చూపించినట్టు చూపించారు.

వాల్యూమ్ నిండా ఉంది.
స్పీకరు తీగలు బాగానే ఉన్నాయి.
నేల మీద వెల్లకిలా పడుకుని టార్చి వేస్తే
హెడ్‌ఫోన్ రంధ్రంలో మెరిసింది
విరిగిపోయిన పిన్ను మొన.
అది లోపలున్నంతసేపూ
ఎవరో చెవులకు తగిలించుకుని వింటున్నారనే పియానో నమ్మకం.
గదికేమీ చెప్పదు.
ఎన్ని ఆదివారాలు అలా
లేని మనిషి చెవిలో వాయించుకుందో.

పట్టకారుతో లాగగానే
నా మోచెయ్యి కింద నలిగిన నాలుగు మెట్లు
ఒక్కసారి అరిచాయి.
కుర్చీలు సర్దుతున్న కెజియా చప్పట్లు కొట్టింది.

అక్కడితో అయిపోతే బాగుండేది.

ట్రాన్స్‌పోజ్ ప్లస్ మూడు మీద వదిలేశారెవరో,
ఏ పెళ్ళిలో ఏ సన్న గొంతు కోసమో. సున్నాకి తెచ్చాను.
ప్రతిధ్వని 'కెథడ్రల్' అంటోంది.
ఎనభై కుర్చీల రేకుల షెడ్డు ఇది,
ఫ్యాను తిరిగితేనే పాట సగం ఎగిరిపోతుంది,
రాతి గోపురాలెందుకు? 'రూమ్' చాలు.
స్పర్శ 'హార్డ్' మీద ఉంది, 'సాఫ్ట్' చేశాను:
మాస్టారి వేళ్ళు ముప్పై ఒక్కేళ్ళు
మగ్గం మీద తెగిన జనుప పోగులు ముడేసినవి.

ఆయన కూర్చుని ఎడమ నుంచి కుడికి
ఒక్కో మెట్టూ లెక్కపెడుతూ వచ్చారు.
చివర్లో ఆగిపోయారు.
"ఈ పైన పదకొండూ సచ్చిపోనాయి పాపా.
నొక్కితే టకటకమని సెక్కే గానీ సొరం నేదు."

నొక్కాను. పలికింది.
పక్కది నొక్కాను. ఇత్తడి గిన్నె మీద వాన చినుకు.
ఆ చివరిది కూడా, గాజు మొనంత సన్నగా, స్పష్టంగా.
కెజియా నా వైపు చూసింది.
నేను తెర వైపు చూశాను.

మిల్లులో మూడు వందల మగ్గాలు ఒకేసారి.
పక్కవాడితో పెదాలు చూసి మాట్లాడుకునేవారట.
ఏ షిఫ్టులో రాలిపోయాయో ఆ పై స్వరాలు.
రాలిన చప్పుడు వినడానికి
ఆ చెవులే కదా ఉండాలి.

ఈక్వలైజరులో పై గీత చివరికంటా లేపాను.
కెజియా చెవులు మూసుకుంది. ఆయన తల అడ్డంగా ఊపారు.
ఫ్యాక్టరీ రీసెట్ నొక్కే చోటు
యంత్రానికుంది, మనిషికి పెట్టలేదు.

మాన్యువల్ పుటలు సగం చిరిగినా
డ్యూయల్ పుట మిగిలింది.
అసలు గొంతు వెనకాల ఇంకో గొంతు,
ఒక స్థాయి కిందికి దింపి, నీడంత మెల్లగా కలిపాను.
మెమరీ నాలుగులో దాచాను.
"కెజియా వాయిస్తే ఒకటి నొక్కాలి.
మీరు కూర్చుంటే నాలుగు."

ఆయన నాలుగు నొక్కారు.
ఎడమ నుంచి కాదు, ఈసారి నేరుగా కుడి చివర్నుంచే,
భయపడుతూ.

ఒకటి. రెండు. మూడు.
పదకొండో మెట్టు మీద వేలు తియ్యకుండా
అది ఆరిపోయేదాకా ఉంచారు.

"ఏటి బాగుసేసినావు?"
"లూజు కాంటాక్టు మాస్టారూ."

రసీదు పుస్తకం తీసి
'పిన్ను ముక్క తీసినందుకు నూట యాభై' అని రాశాను.
రెండో గీత మీద పెన్ను ఆగింది.
దుప్పటి మడత విప్పుతూ
ఆయన మెల్లగా అడిగారు,
"లూజు కాంటాక్టు దానికా, నాకా?"

సంచిలో ఏదో వెతుకుతున్నట్టు తల దించాను.
అంతలో రెండు గంటల షిఫ్టుకి
మిల్లు సైరను మోగింది.

అది మాత్రం
ఇద్దరికీ వినిపించింది.