నీళ్ళు నమిలే పంపు

అరోసా రేవులో ఆదివారం పొద్దున
సబేలా పడవ అడుగుపలక ఎత్తి
బకెట్టెడు మంచినీళ్ళు కుమ్మరించింది.
ఉప్పునీళ్ళెందుకు,
అవి పిలవకుండానే వస్తాయి అంది.

ఫ్లోట్ తేలింది. స్విచ్ టక్కుమంది.
మోటారు మూలిగింది గానీ
గొట్టంలోంచి చుక్క రాలేదు.
దొరికిపోయిన పిల్లాడిలా
పంపు నీళ్ళు నములుతోంది.

ఫ్యూజు పీకి, బోర్లా పడుకుని,
మోచేతిదాకా చెయ్యి దించి
జాలీ ఊడదీసింది.
జిడ్డు. తాటిపీచు కాదు, నైలాను పీచు.
ఆల్చిప్పల ముక్కలు. ఒక అగ్గిపుల్ల.
లంగరు బొమ్మున్న ఇత్తడి గుండీ.

ఆ గుండీ ఆమెకు తెలుసు.
మూడు చలికాలాల కిందట
కోటు గుండీ దొంగిలించావని
ఎవరీస్తో దర్జీతో కొట్లాడాడు.
మొన్న పడవ అమ్మేటప్పుడు కూడా
పంపు వారం వారం చూస్తానని
తల్లి మీద ఒట్టేశాడు.

మొదట ఫక్కున నవ్వింది.
ఆ తర్వాత,
మూడు చలికాలాలు, రాత్రిపూట,
మస్సెల్ తెప్పల అవతల, ఆ గాలిలో,
పంపుందిలే అని
గురకపెట్టిన మనిషి గుర్తొచ్చి
తడిచెయ్యి కాసేపు
అడుగుచెక్క మీదే ఉండిపోయింది.

జాలీ కడిగి బిగించింది.
రెండో బకెట్టు.
పక్కకు ఉమ్మినట్టు, ధారగా,
పడవ నీళ్ళు సముద్రంలో పడ్డాయి.

గుండీని దారంతో
స్విచ్ పక్క మేకుకు కట్టింది.
మూడో బకెట్టుకు లేచింది.