మంగళవారం గుండీలు

పెరంబూరు లోకో వర్క్స్ గోడ పక్క సందులో
తెలుగు చర్చికి వెనక గది.
దాని తాళంచెవి నా కొంగుకే ఉంటుంది.
మంగళవారం ఆరున్నరకి తలుపు తీసి
పోయిన క్రిస్మస్ నక్షత్రాన్ని పక్కకి జరిపి
కుర్చీలు గుండ్రంగా వేస్తాను.
ఒకదానికి కాలు చిట్లింది. దాంట్లో నేనే కూర్చుంటాను,
ఎంత బరువు మోపాలో నాకే తెలుసు.

ప్రసంగాలన్నీ పెద్ద గదిలో. ఇక్కడ లేవు.
ఎవరైనా సలహా ఇవ్వబోతే
టైలరు జెకర్యా గొంతు సవరిస్తాడు, అంతే.
అతను మానేసి పన్నెండేళ్ళు.
మానినవాళ్ళకి నెలకో గుండీ ఇస్తాడు.
షాపులో మిగిలినవి, ఒకదాన్నొకటి పోలవు.

యోనా కార్పొరేషన్ చెత్త లారీ మీద పనిచేస్తాడు.
ప్రభువు బల్ల దగ్గర గిన్నె తన వరసకి వస్తుంటే
పెదాలు బిగిస్తాడట.
"ద్రాక్షరసమేలే అక్కా, నాకు తెలుసు.
నా నాలుక్కి తెలీదు కదా."
ఎవరూ నవ్వలేదు.

ఎలీసమ్మ కూతురు పోయి ఆరేళ్ళు.
నిద్రమాత్రల అట్టలో ఖాళీ గళ్ళని
ఒక్కొక్కటే నొక్కుతూ మాట్లాడుతుంది.

కిరుబాకి తెలుగు సగమే వచ్చు.
మిగతా సగం అరవంలో చెప్పాడు:
ఆదివారం, కోయంబేడు దగ్గర, ఒక్క క్వార్టరు.
మూడు గుండీలూ తెచ్చి బల్ల మీద పెట్టాడు.
జెకర్యా వాటిని ముట్టుకోలేదు.
గుండీ ఊడితే చొక్కా పారేస్తామా అన్న మాట
నోటిదాకా వచ్చే ఉంటుంది. అనలేదు.
టీ పొయ్యమని నా వైపు చూశాడు.

టీ పోసేదాన్ని నేను.
నాలుగేళ్ళ కింద మా ఆయన్ని రెక్కపట్టి తీసుకొచ్చాను.
అయిదు గుండీలు సంపాదించాడు, వరసగా చొక్కాకి కుట్టించుకున్నాడు.
ఆరో నెల తప్పాడు. మళ్ళీ తప్పాడు.
స్టాన్లీ ఆసుపత్రిలో కళ్ళు పచ్చబడి పోయాడు.
"నీ సంగతేమిటి దయామణీ" అని అడిగితే
"నాకేముంది, ఆయన కోసం వచ్చినదాన్ని" అనేదాన్ని,
ఆయన లేని రెండేళ్ళూ.

ఇవాళ వంతు నా దగ్గరికొచ్చింది.
కుర్చీ కాలు కిర్రుమంది.
చెప్పాను:
మేకుకున్న చొక్కా ఇంకా తియ్యలేదని,
రోజూ పదింటికి, మందు షాపు షట్టరు పడే వేళకి
దాని జేబులు వెతుకుతానని,
పడుకున్న మనిషి నోరు వాసన చూసినట్టు
కాలరు వాసన చూస్తానని,
ఏమీ దొరక్కపోతే కోపమొస్తుందని,
ఏదైనా దొరికితే బాగుండుననీ.

ఇన్నాళ్ళూ ప్రార్థనలో
మా ఆయన బాకీలే చదివాను,
కిరాణా కొట్టు పద్దు పుస్తకంలా.
నా చేతులెక్కడున్నాయో
ప్రభువుకి ఒక్కసారీ చెప్పలేదు.

"వెతక్కుండా నాలుగు రోజులు" అన్నాను.
నెల కాలేదు, గుండీ రాదు.
ఎలీసమ్మ మాత్రం అట్ట పక్కనపెట్టి
నా వేళ్ళు ఒక్కొక్కటే నొక్కింది.

ముగింపు ప్రార్థన సగంలో ఉండగా
సందులో నీళ్ళ లారీ హారన్.
ఎవరి ఆమెన్ వాళ్ళు చెప్పుకుంటూ
బిందెల కోసం పరుగెత్తాం.
నా బిందె కూడా కిరుబాయే మోశాడు.
అతని జేబులో మూడు గుండీలు గలగలలాడాయి.

ఆ హడావిడిలో గదికి తాళం వెయ్యలేదు.
గుర్తొచ్చేసరికి పదయింది.
మా ఇంట్లో వాకిలి చేరాలంటే
మేకు ముందునుంచే నడవాలి.
తాళంచెవి పిడికిట్లో బిగించి
నడిచాను.