నూనె వేయని గేటు

నార్ఫోక్‌లో, వాటన్ దాటాక, లార్టర్ గారి పొలం.
జూన్‌లో రాత్రి తొమ్మిదైనా ఇక్కడ చీకటి పడదు.
చేతిలో అట్ట, అట్టమీద కాగితం,
కాగితంలో రెండు గళ్ళు:
కప్ప. కౌజు.

కప్పది మంచుయుగం తవ్విపోయిన గుంట.
మగది చెంపల పక్కన రెండు బూరలు ఊది
లోకమంతా తనకు బాకీ ఉన్నట్టు అరుస్తుంది.
ఆడది గుడ్లు నీళ్ళకు అప్పజెప్పి
తన దారిన తాను ఈదుకుంటూ పోతుంది.

కౌజుపిట్ట పదిహేను గుడ్లమీద ఎండుగడ్డి రంగులో కూచుని
కోతమిషను నెత్తిమీదికొచ్చినా లేవదు.
మగది పక్కనే కాపలా, మెడ నిక్కించి.
పుట్టిన చెలక దాటి మైలు దూరం పోవు రెండూ.
అంత మొండి పిట్ట. ఏటేటా గడిలో అంకె చిన్నదవుతోంది.

కప్ప అయితే ఒకసారి పూర్తిగానే పోయింది.
స్వీడన్ నుంచి డబ్బాల్లో విమానమెక్కించి తెచ్చారు.
పరాయిది కదా, ఎందుకని తగువు.
పాత టేపులో అరుపూ కొత్త అరుపూ పక్కపక్కన విని
యాసను బట్టి తేల్చారు, ఈ నేల చుట్టమేనని.
నాకు నవ్వొచ్చింది.
నా యాస విని ఇరవయ్యేళ్ళుగా
"అసలు మీదెక్కడ?" అనే అడుగుతున్నారు.
జనగామ అంటే
అది స్పెయిన్‌లోనా అన్నాడు పోస్టాఫీసాయన.

లార్టర్ గారికి ఎనభై మూడు.
కప్పలు వినిపిస్తాయి, "ఆ గొడవ వినపడనిదెవడికి" అంటాడు.
కౌజు గొంతే అందడం లేదట, నాలుగేళ్ళయింది.
అది కూస్తే తుప్పుపట్టిన బందు తిరిగినట్టుంటుంది,
అచ్చం ఆయన బార్లీ చేను గేటులాగా.

పోయిన వారం నూనె వెయ్యనా అన్నాను.
వద్దన్నాడు, కొంచెం గట్టిగానే.
ఎందుకో ఇవాళ చూశాను:
గేటుమీద అరచెయ్యి ఆనించి
మెల్లిగా, చాలా మెల్లిగా తోశాడు,
చేత్తో వింటున్నట్టు.

కప్పలు: పదకొండు, రాసేశాను.
గేటు కిర్రుమంది.
బార్లీలో దూరంగా ఏదో బదులిచ్చింది,
లేదా నాకలా అనిపించింది.
'లేదా' రాయడానికి కాగితంలో గడి లేదు.

"కూసిందా?" అన్నాడు నా మొహంకేసి చూస్తూ.
కలం ఆపి,
ఇంకోసారి తెరవమన్నాను.