చీకటి కరెంటు

వెలుతురును కొలవాలంటే
ముందు చీకటిని కొలవాలి.
ఇరవై రెండేళ్లుగా నా ఉద్యోగం అదే.

నల్ల పెట్టెలో డయోడు పెట్టి
మూత బిగించి, పైన గుడ్డ కప్పి చూస్తే
ఏమీ లేనిచోట కూడా ఏదో కారుతూనే ఉంటుంది,
అందరూ పడుకున్నాక వినిపించే కుళాయి చుక్కలా.
దాని పేరు చీకటి కరెంటు.
అది తీసేయగా మిగిలిందే మా లెక్కలో వెలుగు.

మేం చేసే లేజరు కంటికి ఆనదు.
పక్కగదిలో ఆప్టిక్స్ వాళ్లకైనా
కార్డు మీద పచ్చటి మచ్చగా దర్శనమిస్తుంది.
నాకు దక్కేది ఆసిలోస్కోప్ మీద ఒక గీత.
అది వణక్కపోతే
ఆ రోజుకి అన్నం సయిస్తుంది.

ఈ శీతాకాలం వణికింది.
తొమ్మిది నిమిషాలకోసారి
ముల్లు గుచ్చినట్టు ఒక్క ఉలికిపాటు.
ఎర్తు మార్చాం. కేబుళ్లు మార్చాం.
ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నాం.
గోటితో పోయేదానికి
మూడు వారాలు గొడ్డళ్లు వెతికాం.

టంకం వేసే వైదోతాస్
కిటికీ దగ్గర నల్లరొట్టె నములుతూ
"ట్రాలీబస్సు" అన్నాడు.
కింద, మంచు పేరుకున్న తీగ మీద
నీలంగా ఒక రవ్వ చిట్లింది.
వెనక స్క్రీను మీద ముల్లు.

విల్నియస్‌లో ఈ బస్సులు
నేను పుట్టకముందు నుంచీ తిరుగుతున్నాయి.
తప్పు వాటిది కాదు.

పాత డ్రాయింగు తీశాను.
ఉగ్నే, చేరిన కొత్తలో, అడక్కుండానే
ఇన్‌పుట్ పక్కన ఒక కెపాసిటర్ పెట్టింది.
ఆవగింజలో సగం ఉంటుంది.
దాని మీద ఎర్రసిరా అడ్డగీత:
"అనవసరం. నాలుగు సెంట్లు ఆదా."
గుండ్రటి అక్షరాలు.
మా అమ్మ కొట్టి నేర్పిన గుండ్రదనం.

పిలిచి చూపించాను.
ఉగ్నే ఏమీ అనలేదు.
"నాకు గుర్తుంది" అని కూడా అనలేదు.
మైక్రోస్కోపు కింద నా చెయ్యి నిలవకపోతే
బోర్డు తను పట్టుకుంది.

తొమ్మిది నిమిషాలు. మళ్లీ తొమ్మిది.
కింద బస్సు వెళ్లింది, రవ్వ రాలింది,
గీత పడుకునే ఉంది.

మార్పుల పట్టికలో 'ఏమి' నింపాను, 'ఎప్పుడు' నింపాను.
'కారణం' గడి దగ్గర
కాఫీ చల్లారిపోయింది.
చివరికి రాశాను: జివిలే.

ఇంటికి ఆ బస్సులోనే వెళ్లాను.
వంతెన మలుపులో పైన చిటపటమంది,
ఒక్క క్షణం లోపలి దీపాలు ఆరాయి.
ఎవరూ తలెత్తలేదు.