సున్నా పాయింట్ ఆరు

పంచె మోకాలి దాకా జరుపుకుంటే చాలంది సెల్వరాణి.
ఎడమ కాలి మీద వెంట్రుకలు ఎప్పుడు రాలిపోయాయో
నేను చూసుకోలేదు, ఆమె చూసింది.
ఏమీ అనలేదు. కాగితం మీద ఏదో టిక్కు పెట్టింది.

పది నిమిషాలు కదలకుండా పడుకోమంది.
ముప్పై మూడేళ్ళు ఇరవైతొమ్మిది సి బస్సులో
పెరంబూరు నుంచి బెసంట్ నగర్ దాకా
కడ్డీ పట్టుకోకుండా నిలబడి చిల్లర లెక్కపెట్టినవాణ్ణి,
పడుకోమంటే
కాళ్ళను ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చేతికి పట్టీ, తర్వాత చీలమండ పైన పట్టీ.
చల్లటి జిగురు రాసి
పెన్ను లాంటిదొకటి ఆనించి వెతికింది.
బరబర. స్టేషను దొరకని రేడియో.
వెంట్రుకవాసి జరిపింది.
కుడి కాల్లో దొరికింది
ఉష్షు, ఉష్షు, ఉష్షు,
చాకిరేవులో ఎవరో తడిబట్ట బండకేసి కొడుతున్నట్టు.
ఇంతకాలం బస్సు ఇంజను మోతే విన్నాను,
నా కింద ఇదొకటి నడుస్తోందని ఎవరు చెప్పారు?

ఎడమ కాలు చాలాసేపు పలకలేదు.
పలికితే,
మే నెలలో మా చూళై వీధి చేతిపంపు.
ముందు గాలి. ఆ తర్వాత గుక్కెడు.

పట్టీ బిగిస్తే చప్పుడు పోతుంది.
వదులుతూ వస్తే ఎక్కడ మళ్ళీ వినబడుతుందో
అదీ అంకె.
చేతిలో నూట నలభై.
కుడి చీలమండలో నూట ముప్పై.
ఎడమలో ఎనభై నాలుగు.
ఆమె క్యాలిక్యులేటర్ తీసేలోపే
"సున్నా పాయింట్ ఆరు" అన్నాను.
"సార్ లెక్కల మాస్టారా?"
"కండక్టర్నమ్మా."

రూపాయి బయల్దేరితే
పాదానికి చేరేది అరవై పైసలు.
ఈ షార్టేజి డిపోలో అయితే
సంతకం పెట్టించుకుని జీతంలో కోసేవాళ్ళు.
డిపో బయట టీతోపాటు కాల్చిన సిగరెట్లన్నీ
ఇప్పుడు క్యూ కట్టి సాక్ష్యం చెబుతున్నాయి.

"నడిస్తే నొప్పా సార్?"

ఏడాదిగా పురసవాక్కం హైరోడ్డులో
నాకు తెలియని కొట్టు లేదు.
పిక్క పట్టేసినప్పుడల్లా ఆగాలి కదా.
ఊరికే ఆగిన ముసలాణ్ణి చూసి జాలిపడతారు,
అద్దం ముందు ఆగితే బేరం అనుకుంటారు.
స్టీలు బిందెలు చూశాను. కళ్ళజోళ్ళు చూశాను.
ఒకసారి గత్యంతరం లేక
ఆడవాళ్ళ లోపలి బట్టల బొమ్మని
రెండు నిమిషాలు చూశాను.
నొప్పి దిగేది. మళ్ళీ నడిచేవాణ్ణి.

ఆండాళు అప్పటికి పది అడుగులు ముందు.
"ఏం చూస్తున్నారు?"
"గాజులు."
ఆ అబద్ధం నాకు రెండు వందల ఎనభై పడింది.
ఇప్పుడు తెర అవతల బెంచీ మీద
అవే గాజులు గలగలమంటున్నాయి.
ఈమె మిషను కన్నా బాగా వినబడుతున్నాయి.

డాక్టరు చెప్పింది చిత్రమైన వైద్యం.
మాత్రలు, సిగరెట్టు బందు, సరే.
ఆపైన నడవాలట. నొప్పి పుట్టేదాకా నడిచి,
ఆగి, తగ్గాక మళ్ళీ నడవాలట, రోజూ.
దొంగతనంగా చేసిన పనికే
చీటీ రాసిచ్చాడు.

బయటికొచ్చి రెండు కరెంటు స్తంభాలు దాటామో లేదో
పిక్క పట్టేసింది.
ఎదురుగా పెయింటు డబ్బాల కొట్టు.
చూడ్డానికి ఏమీ లేదు.
"నొప్పే" అన్నాను, మొదటిసారి.
ఆండాళు ఆగింది. సంచీ చెయ్యి మార్చుకుంది.
గోడకున్న రంగుల పట్టికలో ఒక్కో రంగూ చూస్తూ నిలబడింది,
నిజంగానే ఇల్లు వేయించబోతున్నట్టు.
నా మొహం కాస్త తేలికపడ్డాక
అరవంలో, నా గొంతుతో,
"పోలాం, రైట్" అంది.