ఇదిగో చెయ్యి

హంబర్ నది మీంచి పొగమంచు వచ్చి
కిటికీకి ఆనుకునే వేళ,
హల్ ఊళ్లో, వరసిళ్ల వీధి చివర,
వారానికి నాలుగు రాత్రులు
నా ఎడమచెయ్యి దీవెనమ్మ ఒళ్లో ఉంటుంది.

చర్మం కింద రక్తనాళం
తేనెపట్టులా జుమ్మంటుంది.
ఆమె నర్సు కాదు,
ఇరవయ్యేళ్లు బిస్కెట్ డబ్బాలకి మూతలు బిగించింది.
మొదటి సూది గురి తప్పి
చెయ్యి వంకాయలా కమిలితే
వంటింట్లోకెళ్లి ఏడ్చింది.
మర్నాడు నేను చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నాను.
ధైర్యం కాదది. ఇంకేదో.

సండేస్కూల్లో దేవుడున్నాడనడానికి
పదకొండు రుజువులు చెప్పేవాణ్ణి, వేళ్లు మడుస్తూ.
పదకొండోదానికి వేలు చాలక పిల్లలు నవ్వేవాళ్లు.
మొన్న ఏడేళ్ల హెప్సిబా అడిగింది:
"తాతా, సూది గుచ్చేటప్పుడు కళ్లు మూసుకుంటావా?"
లేదమ్మా, ఆవిడ మొహం చూస్తానన్నాను.
పన్నెండో రుజువు లాంటిదేదో నోటిదాకా వచ్చి
రుజువు కాకుండానే ఉండిపోయింది.

ఉన్నాడని నమ్మడం ఒకటి.
నమ్ముకోవడం మరొకటి.
మా నాన్న కాలవని నమ్ముకున్నాడు;
నీళ్లు రాని ఏడు కూడా నారు పోశాడు,
లాకుల వైపు తిరిగి బూతులు తిడుతూనే.
ఆ తిట్లలో ఎంత చుట్టరికం!

మిషన్ కూత పెడుతుంది. దీవెనమ్మ
కళ్లజోడు సర్దుకుని, గొట్టం వంపు తీసి,
"పడుకో, నేనున్నాగా" అంటుంది,
రేపటి బియ్యం గురించి మాట్లాడినంత మామూలుగా.
నా రక్తమంతా బయటికెళ్లి తిరిగొస్తుంటుంది,
నాకు నిద్ర పడుతుంది.

ఆ నిద్రకి ముందు ఒక్క మాట ఆయనతో:
ప్రభువా, కిడ్నీల సంగతి
మనిద్దరి మధ్యా ఇంకా తేలలేదు.
నేనేం మర్చిపోలేదు. నువ్వూ మర్చిపోకు.
తెల్లారాక మళ్లీ మాట్లాడుకుందాం.
ఇప్పటికి మాత్రం,
ఇదిగో చెయ్యి.